రక్షణ పద్దు మీద ఏడాదికి ఒక్క రోజు మాట్లాడలేరా?

2023 మార్చి 23న మన లోక్‌సభ సుమారు 45 లక్షల కోట్ల రూపాయల ఖర్చుకి ఆమోదం తెలిపింది. చర్చ సున్నా. అదానీ మీద విచారణకి ఎంపీల సంయుక్త సంఘం (జేపీసీ) వేయాలని ప్రతిపక్షం, లండన్‌లో మాట్లాడినదానికి రాహుల్ గాంధీ క్షమాపణ చెప్పాలని అధికారపక్షం అరుచుకుంటుంటే మధ్యలో గిల్లెటిన్ పడింది, అన్ని శాఖల పద్దులూ ఒకే ఊపులో పాసయిపోయాయి. అందులో రక్షణ శాఖది 5.94 లక్షల కోట్లు. మన అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ రిపేరుకి పాతిక వేలు అడిగితే మూడు కొటేషన్లు తెమ్మంటాం కదా!

గిల్లెటిన్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ప్రతి శాఖ తనకి ఎంత కావాలో లోక్‌సభని అడగాలి. రాజ్యాంగం 113వ అధికరణ ప్రకారం ఆ పద్దు ఒప్పుకోవడం, తగ్గించడం, తిరస్కరించడం లోక్‌సభ ఇష్టం. పెంచే అధికారం మాత్రం లేదు. టైమ్ చాలదు కాబట్టి కొన్ని శాఖల మీదే చర్చ పెడతారు. చివరి రోజు, ముందే అనుకున్న గంటకి, మిగిలినవన్నీ కట్టగట్టి ఓటుకి పెట్టేస్తారు. ఇది ఇప్పుడు పుట్టిన జబ్బు కాదు, 2013లో యూపీఏ హయాంలో కూడా పద్దులన్నీ ఇలాగే చర్చ లేకుండా గట్టెక్కాయి. కాబట్టి కామెంట్లలో పార్టీ జెండాలు పట్టుకుని రావద్దు, దండం పెడతా.

చర్చ జరిగితే ఏం ఒరుగుతుంది అంటారా? కోత తీర్మానం అని ఒకటుంది. ఏ ఎంపీ అయినా "ఈ పద్దులో వంద రూపాయలు తగ్గించండి" అని నోటీసు ఇవ్వొచ్చు. వంద రూపాయలతో ఖజానాకి పోయేదేం లేదు, కానీ ఆ వంక మీద ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు సభలో లేవనెత్తొచ్చు. మాజీ సైనికుల ఆసుపత్రి బిల్లులు ఎందుకు ఆగిపోయాయి, ఫలానా యుద్ధనౌక ఎందుకు ఆలస్యమైంది, ఇలాంటివి. మంత్రి లేచి జవాబు చెప్పాలి. గిల్లెటిన్ పడితే ఇదంతా గోవిందా.

2025-26లో రక్షణకి కేటాయించింది 6.81 లక్షల కోట్లు. అందులో పెన్షన్లకే సుమారు 1.61 లక్షల కోట్లు, కొత్త ఆయుధాలు, నౌకలు, విమానాల లాంటి పెట్టుబడి ఖర్చుకి 1.80 లక్షల కోట్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే వంద ప్రశ్నలు వస్తాయి. అవి సభలో వినిపించాలి కదా.

నిజం చెప్పాలంటే అసలు పని జరిగేది రక్షణ శాఖని చూసే ఎంపీల కమిటీలో, అంటే స్థాయీ సంఘంలో. 1993 నుంచీ ఉంది, రెండు సభల నుంచీ 31 మంది. పద్దులన్నీ తలుపులు మూసుకుని చదువుతారు, సైనికాధికారులనీ కార్యదర్శులనీ పిలిచి అడుగుతారు. కెమెరాలు ఉండవు కాబట్టి అరుపులూ ఉండవు. 2018లో ఈ సంఘం ముందుకొచ్చిన ఆర్మీ ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ ఏ మొహమాటం లేకుండా లెక్క చెప్పారు. సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతకాలపుదట, అత్యాధునికం 8 శాతమేనట. ఆధునికీకరణకి ఇచ్చింది 21,338 కోట్లు, అప్పటికే నడుస్తున్న 125 పథకాలకి కట్టాల్సిన బాకీయే 29,033 కోట్లు! అంటే కొత్తది కొనడం దేవుడెరుగు, పాత బిల్లులకే చాలదు. ఇది ఏ ప్రతిపక్ష నాయకుడో చేసిన ఆరోపణ కాదు, యూనిఫాం వేసుకున్నాయన పార్లమెంటు సంఘానికి ఇచ్చిన వాంగ్మూలం.

అప్పుడు సంఘానికి అధ్యక్షుడు బీసీ ఖండూరీ. రిటైర్డ్ మేజర్ జనరల్, పైగా బీజేపీ ఎంపీయే. సొంత పార్టీ ప్రభుత్వం అని చూడకుండా ఆ నిజాలన్నీ నివేదికలో పెట్టించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ కుర్చీలోకి కల్‌రాజ్ మిశ్రా వచ్చారు. ఎందుకు మార్చారో మార్చినవాళ్ళకే తెలియాలి. ఎవరైనా ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు.

సంఘం సిఫార్సుల్ని ప్రభుత్వం పాటించి తీరాలని కూడా లేదు. ఏడాది చివర మిగిలిన డబ్బు మురిగిపోకుండా ఒక ప్రత్యేక నిధి పెట్టమని సంఘం ఎన్నిసార్లు అడిగిందో. 15వ ఆర్థిక సంఘం కూడా 2021-26 కాలానికి 2,38,354 కోట్లతో అలాంటి నిధి పెట్టమంది. ప్రభుత్వం "సూత్రప్రాయంగా" ఒప్పుకుంది. మన దేశంలో ఈ మాటకి అర్థం మీకు నేను చెప్పాలా?

ఇక అగ్నిపథ్. దీని మీద నాకు కోపం ఎక్కువ. 2022 జూన్ 14న విలేకరుల సమావేశంలో ప్రకటించారు. మూడు రోజులకి సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు కుర్రాడొకడు చనిపోయాడు. తగలబెట్టడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ సైన్యంలో ఉద్యోగం అంటేనే అర్థం మారిపోయే నిర్ణయం అది. నాలుగేళ్ళు చేశాక నాలుగింట ఒక వంతు మందినే ఉంచుతారు, మిగతావాళ్ళకి పెన్షన్ లేదు. ఇంత పెద్ద మార్పుకి ముందు పార్లమెంటులో ఒక బిల్లు లేదు, ఒక చర్చ లేదు. చట్టప్రకారం అక్కర్లేదు కూడా. 1950 నాటి ఆర్మీ చట్టం ప్రభుత్వానికి అంత వెసులుబాటు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2023లో పథకాన్ని సమర్థించింది. సరే, చట్టబద్ధమే. కానీ ఎండల్లో గ్రౌండ్ చుట్టూ పరిగెత్తే మన పిల్లల తరఫున ముందే నాలుగు ప్రశ్నలు అడిగే అవకాశం ఒక్క ఎంపీకీ రాలేదు. ఇంటికో సైనికుణ్ణి పంపిన ఊరని పేరున్న పశ్చిమ గోదావరి మాధవరానికి వెళ్ళి ఈ ముక్క చెప్పి చూడండి.

బ్రిటన్‌లో సైన్యాన్ని నడిపే చట్టాన్ని అయిదేళ్ళకోసారి పార్లమెంటు మళ్ళీ ఆమోదించాలి. లేకపోతే ఆ చట్టం చెల్లదు. 1689లో రాజుని నమ్మలేక పెట్టుకున్న షరతు నుంచి వచ్చిన పద్ధతి అది. వాళ్ళ దగ్గర్నుంచి గిల్లెటిన్‌తో సహా అన్నీ తెచ్చుకున్నాం, ఇదొక్కటి వదిలేశాం.

"సైన్యం విషయాలు రహస్యం, సభలో మాట్లాడితే శత్రువుకి తెలుస్తుంది" అని ఒక అన్న ప్రతిసారీ కామెంట్ పెడతాడు. అన్నా, జర్మనీలో 2.5 కోట్ల యూరోలు దాటిన ప్రతి ఆయుధ ఒప్పందం పార్లమెంటు బడ్జెట్ కమిటీ ముందుకి వెళ్ళాలి. సైనికుల్ని విదేశాలకి యుద్ధానికి పంపాలంటే పార్లమెంటు ఓటు కావాలి. వాళ్ళకి శత్రువులు లేరా? మన దగ్గరే చూడు. 1962లో చైనా యుద్ధం నడుస్తుండగానే, వాజ్‌పేయి లాంటివాళ్ళు అడిగితే, నెహ్రూ నవంబరు 8నే సభని పిలిచారు. 160 మందికి పైగా మాట్లాడారు, ప్రధాని మొహం మీదే తిట్టారు. దేశం ఏం కూలిపోలేదు. అదే 2020లో గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది చనిపోయాక, సెప్టెంబరు 15న రక్షణ మంత్రి లోక్‌సభలో ప్రకటన చదివారు, ప్రతిపక్షానికి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. కోవిడ్ పేరుతో ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయమే లేదు. రాజ్యసభలో రెండు రోజుల తర్వాత కాస్త అడగనిచ్చారు, అంతవరకు నయం.

ఆపరేషన్ సిందూర్ మీద 2025 జులైలో చర్చ పెట్టారు, గంటల తరబడి సాగింది. మంచిదే. కానీ మన యుద్ధ విమానాలు కొన్ని కూలాయన్న సంగతిని త్రిదళాధిపతి మే 31న సింగపూర్‌లో ఒక విదేశీ టీవీ ఛానెల్‌కి చెప్పారు. మన పార్లమెంటు కంటే ముందు బ్లూమ్‌బర్గ్‌కి తెలిసింది. రహస్యం ఎవరి దగ్గర దాస్తున్నట్టు మరి?

ఇందులో మన ఎంపీలు తక్కువ తినలేదు. రెండు రాష్ట్రాల నుంచీ 42 మంది. ఒకప్పుడు, 1989లో, బోఫోర్స్ ఫిరంగుల మీద ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చినప్పుడు లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం 30 సీట్లున్న తెలుగుదేశమే. మిగతా ప్రతిపక్ష ఎంపీలతో కలిసి మూకుమ్మడిగా రాజీనామాలు చేశారు. అందులో రాజకీయం లేదని నేననను. కానీ ఒక ఫిరంగుల కొనుగోలు లెక్క తేలాలని సీటు వదులుకున్నారు. ఇప్పుడు కాగ్ నివేదిక వస్తే ఎంతమంది తెరిచి చదువుతున్నారో నాకు అనుమానమే. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం, హైదరాబాద్‌లో బీడీఎల్, మిధాని, డీఆర్‌డీవో ల్యాబులు, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం. రక్షణ పద్దులో రూపాయి కదిలితే మన వీధుల్లో తెలుస్తుంది.

నేనడిగేది చిన్నదే. మిగతా శాఖలకి ఏ గతి పట్టినా, రక్షణ పద్దుకి గిల్లెటిన్ వేయకూడదని లోక్‌సభ నిబంధనల్లో ఒక వాక్యం రాసుకోండి. ఏడాదికి ఒక్క రోజు, స్థాయీ సంఘం నివేదిక చేతిలో పట్టుకుని. మీరూ ఒక పని చేయండి. ఎంపీలు అడిగిన ప్రశ్నలన్నీ లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ ఎంపీ పేరు కొట్టి, మంత్రిత్వ శాఖ దగ్గర రక్షణ అని ఎంచుకోండి. ఎన్ని వచ్చాయో కింద కామెంట్‌లో పెట్టండి, పార్టీ పేరు లేకుండా.