రాత్రిపూట గడప దాటాల్సింది ఎవరు?

మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల రక్షణకని తెచ్చిన దిశ యాప్ పోయి శక్తి యాప్ వచ్చింది. అత్యాచారం కేసుల్లో 21 రోజుల్లో శిక్ష పడేలా చేస్తామంటూ 2019 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు రాష్ట్రపతి సంతకం లేక చట్టం కాలేదు. ప్రభుత్వం మారాక, 2025 మార్చి 8న శక్తి యాప్ మొదలైంది. ఆపదలో బటన్ నొక్కితే పోలీసులు వస్తారు. రావాల్సిందే, అందులో తగాదా లేదు. నేను అడిగేది ఆ తర్వాతి గంట గురించి. పోలీసులు వచ్చి, మొగుణ్ణి నాలుగు కేకలేసి, జీపెక్కి వెళ్లిపోయాక ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది? మా అనంతపురం పల్లెల్లో దెబ్బలు తిన్న ఆడమనిషి నోట ఎప్పుడూ వినబడేది ఒకటే ప్రశ్న: "ఇప్పుడు యాడికి పోవల్ల?"

దీనికి ప్రభుత్వం దగ్గర ఉన్న జవాబు సఖి కేంద్రం. నిర్భయ నిధితో 2015 నుంచి నడుస్తున్న పథకం. వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం, పోలీసు సాయం ఒకే గూటి కింద దొరుకుతాయి. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. కానీ అక్కడ తలదాచుకునేది ఐదు రోజులు. అదీ జిల్లా కేంద్రంలో. రాయదుర్గం దాటి డి.హీరేహాళ్ నుంచి బయల్దేరితే అనంతపురానికి వంద కిలోమీటర్ల పైమాటే. పిల్లవాడి బడి అక్కడే, పాలిచ్చే గేదె అక్కడే, వేరుశనగ చేలో కూలి పని అక్కడే, పొదుపు సంఘంలో తీర్చాల్సిన అప్పూ అక్కడే. ఆరో రోజు ఆమె ఏ బస్సు ఎక్కుతుందో ఎవరైనా చెప్పగలరు.

ఇంకొక సంగతి కూడా ఉంది. బియ్యం కార్డు కుటుంబానికి ఒకటి. సచివాలయం లెక్కల్లో ఆమె ఒక కుటుంబంలో సభ్యురాలు. విడిగా కార్డు కావాలంటే విడిపోయినట్టు కాగితం చూపాలి, ఒంటరి మహిళ పింఛను కావాలంటే దానికి తోడు వయసు కూడా కలిసి రావాలి. నిన్న రాత్రి తన్నులు తిని బయటపడ్డ పాతికేళ్ల అమ్మాయి దగ్గర ఏ కాగితం ఉంటుంది?

మన విధానం మొత్తం ఒక తప్పుడు ఊహ మీద నిలబడింది. ఇంట్లో హింస జరిగితే ఇల్లు వదలాల్సింది ఆమే అన్న ఊహ. హోమ్ ఆమెకు, కౌన్సెలింగ్ ఆమెకు, ప్రయాణం ఆమెకు. కొట్టినవాడు మాత్రం అదే మంచం మీద, అదే ఫ్యాను కింద పడుకుని తెల్లారి లేస్తాడు.

చట్టం అలా చెప్పడం లేదు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉమ్మడిగా బతికిన ఇంట్లో ఉండే హక్కు ఆమెది, ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. 19వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, కొట్టినవాణ్ణే ఇంటి నుంచి బయటికి పొమ్మని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ఆ ఆదేశం అమలుకు సాయపడమని స్టేషన్ అధికారికీ చెప్పవచ్చు. 23వ సెక్షన్ కింద అతను కోర్టుకు రాకముందే మధ్యంతర ఉత్తర్వు కూడా ఇవ్వవచ్చు. ఇల్లు అత్తమామలదైనా కోడలి నివాస హక్కు పోదని 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అర్జీ వేసిన మూడు రోజుల్లో మొదటి విచారణ, ఆపై 60 రోజుల్లో పరిష్కారం అన్నది కూడా చట్టంలోని మాటే. ఇంత పదునైన కత్తిని ఒరలోనే ఉంచి, కొత్త యాప్‌కు కొత్త పేరు వెతుక్కుంటున్నాం.

ఇక పట్టాల సంగతి. 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల స్థలాల పంపిణీలో 30 లక్షలకు పైగా పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. ఊళ్లో సెంటున్నర, పట్టణంలో సెంటు. ఆ కాలనీల్లో కొన్ని చోట్ల ఇళ్లు లేచాయి, జనం చేరారు. కాగితం మీద ఇంటి యజమానురాలు ఆమె. తాగొచ్చి తలుపు తన్నితే పిల్లల్ని చంకనేసుకుని పక్కింటి వరండాలో తెల్లారేదాకా కూర్చునేదీ ఆమే. తన పేరున్న ఇంట్లోంచి తనే బయటికి రావడాన్ని మనం సహజంగా తీసుకుంటున్నామంటే, పట్టా ఇచ్చినవాళ్లు ఇంకొక్క వాక్యం చెప్పలేదు కాబట్టే: "ఇది నీ ఇల్లు, కొట్టేవాణ్ణి బయటికి పంపమని నువ్వు అడగొచ్చు."

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) మన రాష్ట్రం గురించి చెప్పిన ఒక అంకె దేశమంతా చర్చకు వచ్చింది. ఏదో ఒక కారణానికి మొగుడు పెళ్లాన్ని కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు నూటికి 84 మంది. టీవీ చర్చల్లో పెద్దలు తల పట్టుకున్నారు, ఆడవాళ్ల ఆలోచనే మారాలన్నారు. నాకు ఆ అంకెలో ఆలోచన కంటే లెక్క కనబడింది. పోవడానికి చోటు లేని మనిషి, ఉన్న చోటుతో రాజీ పడటానికి చెప్పుకునే మాట అది. అదే సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 30 మంది భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. దేశం మొత్తమ్మీద హింసకు గురైనవారిలో సాయం అడిగింది 14 శాతమే. ఇంకో మనిషికి చెప్పుకోనివారే నూటికి 77 మంది. చెప్పుకుంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. పెద్దమనుషులు పంచాయితీ పెడతారు, స్టేషన్లో కౌన్సెలింగ్ అంటారు, రెండు చోట్లా చివరికి తేల్చేది "సర్దుకుపో తల్లీ" అని. సర్దుకునే చోటు ఉన్నదే ఆ ఒక్క గది అయినప్పుడు ఆమె సర్వే వాళ్లకు ఇంకేం చెబుతుంది?

ఇక దుర్వినియోగం మాట. భార్యను వేధించడాన్ని నేరం చేసిన సెక్షన్‌ను (పాత 498ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 85) మొగుడి ఇంటిల్లిపాదినీ కేసులోకి లాగడానికి వాడుతున్నారని అంటారు. అందుకే 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు ఎడాపెడా అరెస్టులకు కళ్లెం వేసింది, అది సబబే. కానీ నేను అడుగుతున్న నివాస ఉత్తర్వు, అంటే కొట్టినవాణ్ణి ఇంటి నుంచి పొమ్మనే 19వ సెక్షన్ ఆదేశం, ఎవర్నీ జైలుకు పంపదు. అత్తనో ఆడబిడ్డనో ఇంట్లోంచి పంపడానికి చట్టమే ఒప్పుకోదు, ఆడవాళ్ల మీద ఆ ఆదేశం చెల్లదు. హింస ఆపమనే రక్షణ ఉత్తర్వును మీరితేనే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సంసారం నిలబడాలని నిజంగా కోరుకునేవాళ్లు ముందుగా అడగాల్సింది కూడా ఈ మెత్తటి దారినే.

మరి ఎందుకు జరగడం లేదు? ఆమె తరఫున అడిగి అర్జీ పెట్టేవాళ్లు లేరు. గృహహింస చట్టానికి ఊపిరి రక్షణాధికారి. సంఘటన నివేదిక రాసి మేజిస్ట్రేటు ముందు పెట్టాల్సింది ఆ అధికారే. మన దగ్గర ఆ బాధ్యత అంగన్‌వాడీలను చూసే జిల్లా ఐసీడీఎస్ ప్రాజెక్టు డైరెక్టరు నెత్తిన అదనంగా పడింది. అంగన్‌వాడీల గుడ్లు, పాల లెక్కల మధ్య ఆమె ఎన్ని ఇళ్లకు పోగలదు? జిల్లా, తాలూకా స్థాయిలో రక్షణాధికారులను ఆరు వారాల్లో నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మాకు తాలూకా అంటే మండలం. కోసిగి మండలానికి ఒకరు, మడకశిరకు ఒకరు, రాయచోటికి ఒకరు కావాలి. వేరే పని లేని మనిషి కావాలి, పేరూ ఫోన్ నంబరూ సచివాలయం గోడ మీద ఉండాలి. 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలు తెరిచి, 99 రూపాయలకే క్వార్టరు అందించగలిగిన యంత్రాంగానికి మండలానికొక మనిషిని వేయడం చేతకాని పని కాదు. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు పోయి మిరప చేలల్లో గుడారం వేసుకున్న ఆదోని, కోసిగి ఆడవాళ్లూ ఉన్నారు. తాత్కాలికంగా ఉన్న చోటే అర్జీ పెట్టుకోవచ్చని 27వ సెక్షన్ చెబుతోంది, ఆ మాట వాళ్ల చెవిన వేసే మనిషి కూడా కావాలి.

అయితే మెట్టినింటి తలుపు ఒక్కటే తెరిస్తే చాలదు. "యాడికి పోవల్ల" అన్న ప్రశ్నకు పుట్టిల్లు ఎందుకు జవాబు కాలేకపోతోందో చూడాలంటే ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందైనా ఒక పూట నిలబడండి. ఆడపిల్లకు సమాన వాటా ఇచ్చిన చట్టం దేశం కంటే 20 ఏళ్లు ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచే మనకుంది. దాన్ని వమ్ము చేసే కాగితం పేరు హక్కు విడుదల దస్తావేజు. అన్నదమ్ములు ఆటోలో తీసుకొస్తారు, పసుపుకుంకుమల కింద చీరా కొంత డబ్బూ చేతిలో పెడతారు, ఆమె సంతకం చేస్తుంది. చేయకపోతే పండగకు పిలిచే దిక్కుండదని భయం. చేశాక ఆ ఇంట్లో ఆమె చుట్టమే. చుట్టం నాలుగు రోజులుంటుంది.

ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి విధానం రాసేవాళ్లు మొదట ఈ ఆఫీసుకు రావాలంటాను నేను. విడుదల దస్తావేజు రాసే ముందు ఆమెను అన్నదమ్ములు లేని గదిలో కూర్చోబెట్టి, ఆస్తి ఎంత, మార్కెట్ విలువ ఎంత, ఆమె వాటా ఎంత అన్నది చదివి వినిపించాలి. ఏడాది లోపు మనసు మారితే రద్దు చేసుకునే వీలుండాలి. మా మేనత్త వేలిముద్ర వేసిన రోజు ఆమెకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. మూడెకరాల మెట్ట ఆమె వాటా. మొగుడి దెబ్బలకు తాళలేక తిరిగొచ్చాక, ఆ చేనికే కూలికి పోయింది.