గిల్డ్‌ఫర్డ్ కోటను ఇక ఎవరూ పట్టుకోలేరు

రక్షణ రంగంలోని పెద్దలకు ఒక మనవి. ఫిరంగులకీ క్షిపణులకీ కోట్లు పోసే ముందు ఒక్కసారి ఇంగ్లండు వెళ్లి, సర్రేలోని గిల్డ్‌ఫర్డ్‌లో పాడుబడ్డ కోటను చూసి రండి. నేను మా బావమరిది ఖర్చుతో చూసొచ్చాను. మీకు ప్రభుత్వ ఖర్చు ఎలాగూ ఉంది.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన కొద్దికాలానికి కట్టిన కోట అది. ముందు మట్టిదిబ్బ పోశారు, చుట్టూ కందకం తవ్వారు, తరవాత దిబ్బ మీద రాతి బురుజు లేపారు. అంత కష్టపడి కట్టిన కోట వీరగాథ మాత్రం ఒక్క ముక్కలో తేలిపోతుంది. 1216లో ఫ్రెంచి యువరాజు లూయీ వచ్చాడు, ప్రతిఘటన లేకుండా తీసుకున్నాడు. అల్లుడు పండక్కి వస్తే తలుపు తీసినట్టు తీశారన్నమాట.

తరవాత మూడో హెన్రీ దాన్ని దర్జా అయిన రాజభవనంగా మార్చాడు. బురుజేమో సర్రే, ససెక్స్ ప్రాంతాల నేరస్థులకు జైలయింది. బయటివాణ్ని ఆపలేని గోడలు కనీసం లోపలివాణ్నయినా ఆపుతాయేమోనని ఆశ. కాలక్రమంలో బురుజు పైకప్పు కూడా పోయింది. చివరికి 1885లో ఊరి కార్పొరేషన్ కోటను కొని, విక్టోరియా రాణి స్వర్ణోత్సవం గుర్తుగా 1888లో ప్రజలకు తోటగా తెరిచింది.

నా లెక్క ప్రకారం ఆ కోటకు అసలు రక్షణ ఆ రోజే మొదలైంది.

కందకం సంగతే తీసుకోండి. ఇప్పుడందులో పూలమడులున్నాయి. మేం వెళ్లినప్పుడు ట్యులిప్‌లు, ఎరుపు ఒకచోట, పసుపు ఒకచోట, కవాతులో నిలబెట్టినట్టు. పచ్చిక అంచును మంగలి కత్తితో గీసినట్టు తెగ్గోశారు. ఆ గీత దాటడానికి పిచ్చుక కూడా రెండుసార్లు ఆలోచించేలా ఉంది. లూయీకి కందకం అడ్డమని ఒక్క క్షణమైనా అనిపించిందో లేదో గానీ, నాకు మాత్రం చెమట పట్టింది.

ఏం జరిగిందంటే, బురుజు మొత్తం పడేలా మా ఆవిడకు ఫొటో తీయాలి. "ఇంకొంచెం వెనక్కి వెళ్లండి" అంటోంది ఆవిడ. వెళ్లాను. ఇంకొంచెం వెళ్లాను. నొక్కుదామనుకునేసరికి కుడి మడమ మెత్తటి మట్టిలో దిగబడింది. వెనకాల 'టప్' మని చిన్న చప్పుడు. చూస్తే ఒక పసుపు ట్యులిప్ నడుం వంగి ఉంది.

ఎదురు బెంచీ మీద ఒక ముసలావిడ, ఆవిడ ఒళ్లో బొచ్చుకుక్క. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఆవిడ ఏమీ అనలేదు, కాస్త నిట్టూర్చింది, అంతే. కుక్క అదీ చేయలేదు. నేను సారీ చెప్పాను, ఆవిడకి రెండుసార్లు, కుక్కకి ఒకసారి. వంగి ఆ కాడను పక్క పువ్వుకు ఆనించాను. నిలబడింది. చెయ్యి తీశాను, మళ్లీ ఒరిగింది. మళ్లీ ఆనించాను. "బావా, వచ్చెయ్ బావా" అని మా బావమరిది పిలిచాడు, అదీ నేనెవరో తెలియనట్టు ఎటో చూస్తూ.

ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక సైన్యానికి జరగని అవమానం అది. ఒక్క బాణం పడలేదు, సలసల కాగే నూనె పోయలేదు. అయినా నేను ఆ గీత లోపల మళ్లీ కాలు పెట్టలేదు.

ఖర్చు కూడా చూడండి. సైనికుడికి జీతం, గుర్రం, గుర్రానికి మేత. ఇక్కడ నాలుగు పారలు, రెండు తోపుడు బళ్లు. పైగా సీజన్ మారగానే దళాన్ని మొత్తం పీకేసి కొత్త మొక్కల్ని దించుతారు, పింఛను గొడవే లేదు. వేగుల పని ముసలమ్మలు ఉచితంగా చేస్తారు. 2000ల మొదట్లో బురుజుకు మళ్లీ పైకప్పు కూడా వేశారు. ఎక్కి చూస్తే కింద తోటంతా యుద్ధపటంలా కనిపిస్తుంది. అక్కడున్నది ఏడు నిమిషాలు, అందులో నాలుగు ఇరుకు మెట్ల మీద దిగేవాళ్లకు దారివ్వడానికే పోయాయి. చరిత్ర బోర్డులు ఫొటో తీసుకున్నాను, ఇంటికెళ్లి చదువుదామని. ఇంకా చదవలేదు.

పూలంటే లెక్కలేని శత్రువు వస్తే ఏం చేస్తావని రక్షణ నిపుణులు అడగొచ్చు. రాతిగోడలు ఏం చేశాయో 1216లో చూశాం కదా!

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు ఫొటో చూపించాను. మడమ దిగబడ్డ క్షణంలోనే ఫోన్ కిందికి వాలిపోయినట్టుంది. మా ఆవిడ నడుం దాకా ఉంది, మిగతాదంతా ట్యులిప్‌లే.

"కోట ఏదిరా?" అంది అమ్మ.

"వెనకాల ఉందమ్మా, పూలు అడ్డొచ్చాయి."