సైకిల్ దారి ఎక్కడ కావాలి?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సౌర ఫలకాల నీడతో, 4.5 మీటర్ల వెడల్పుతో నిజంగా చక్కగా ఉంది. అయితే మెహదీపట్నం నుంచి లక్డీకాపూల్‌కు రోజూ సైకిల్ మీద పనికి వెళ్లే నాకు అది ఏ విధంగానూ అక్కరకు రాదు. అక్కడికి చేరాలన్నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లారీల మధ్య తొక్కాల్సిందే. తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాళ్లు, రాత్రి కాపలా ముగించుకుని ఇళ్లకు మళ్లే వాచ్‌మన్లు తొక్కేది ఊరి నడిబొడ్డు రోడ్ల మీద కదా, రక్షణ ముందు అక్కడ కావద్దా?

సైకిల్ దారి అంటూ రోడ్డు మీద తెల్ల గీత గీసి వదిలేస్తే సాయంత్రానికి దాని మీద ఆటోలు, తోపుడు బండ్లు నిలుస్తాయి కాబట్టి, జానెడు ఎత్తయినా సిమెంటు గట్టు కట్టాలి. అన్నిటికన్నా ముందు అది కావలసింది ఫ్లైఓవర్ల మొదళ్లలో, బస్టాపుల దగ్గర. ఎందుకంటే పైకి ఎక్కే వాహనాలు కుడికి, ఆగే బస్సులు ఎడమకు ఒక్కసారిగా కోసుకుపోతుంటే, మధ్యలో చిక్కుకున్న సైకిలుకు పక్కకు తప్పుకునే చోటే ఉండదు. నిన్న సాయంత్రం మాసబ్‌ట్యాంక్ దగ్గర ఒక బస్సు నన్ను ఫుట్‌పాత్ అంచుకు నొక్కేసినప్పుడు, వెనుక క్యారియర్ మీద టిఫిన్ డబ్బా రోడ్డు మీద పడి నలిగిపోయింది.