చూపులు వేరైతే నిజాలూ వేరా?

నిజం ఒక్కటేనా, చూసేవారిని బట్టి మారుతుందా అనే ప్రశ్న మీద ఇద్దరి చేత వాదింపజేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఒకరు లాయరు. సాక్షుల మాటలు వింటూ జుట్టు నెరిసిన మనిషి, ఎవరి నిజం వారిదని నమ్ముతారు. మరొకరు డాక్టరు. రోగం ఎవరి అభిప్రాయమూ అడిగి రాదు కాబట్టి నిజం ఒక్కటేనంటారు. ఇద్దరూ కల్పితులే. వారు ఎత్తుకునే ఉదాహరణలు మాత్రం చరిత్రలో జరిగినవి, లేదా మనం తరతరాలుగా చెప్పుకుంటున్నవి. నా మొగ్గు డాక్టరు వైపే, దాచను. అందుకే లాయరుకు ముందుగా మాట్లాడే అవకాశం ఇచ్చాను.

లాయరు: డాక్టరు గారూ, ఒకే ప్రమాదాన్ని నలుగురు చూస్తే నాలుగు కథలు వస్తాయి. అబద్ధమాడే సాక్షి నన్ను పెద్దగా కలవరపెట్టడు, నాలుగు ప్రశ్నలు వేస్తే దొరికిపోతాడు. మనస్ఫూర్తిగా నమ్మి చెప్పేవారి దగ్గరే నాకు చిక్కు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కార్లు ఢీకొనే ఫిల్ములు చూపించి, అవి ఎంత వేగంతో వెళ్తున్నాయో చెప్పమన్నారు. ప్రశ్నలో ఒక్క మాట మార్చారు, అంతే. కార్లు 'ఒకదానికొకటి తగిలినప్పుడు' అని అడిగితే సగటున గంటకు 31.8 మైళ్లన్నారు. 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' అని అడిగితే 40కి పైగా అన్నారు. మరో ప్రయోగంలో, వారం ఆగి, పగిలిన అద్దం ఏమైనా చూశారా అని అడిగారు. 'నుజ్జయిన' ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. ఆ 16 మందినీ అబద్ధాలకోరులంటారా? వారి జ్ఞాపకంలో అద్దం పగిలింది. వారికి అదే నిజం.

డాక్టరు: ఫిల్ములో అద్దం లేదని మీరే అన్నారు కదా, నాకు ఆ మాట చాలు. ఆ ప్రయోగాన్ని ప్రయోగంగా నిలబెట్టింది ఆ ఫిల్మే. ఎవరి నిజం వారిదైతే ఆ 16 మంది పొరబడ్డారని అనడానికి మీకు ఆధారమే ఉండదు. వారు అబద్ధమాడలేదు, ఒప్పుకుంటాను. అబద్ధమాడకుండానే నిజం కానిది చెప్పారు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. మనిషి నిజాయితీకి ఒక కొలత, మాట సత్యానికి మరో కొలత. మీరు మొదటిదాన్ని తెచ్చి రెండోదాని చోట పెడుతున్నారు.

లాయరు: ప్రయోగశాలలో ఫిల్ము ఉంటుంది. బతుకులో ఎక్కడుంటుంది? నా దగ్గరికి వచ్చేసరికి మిగిలేవి జ్ఞాపకాలే. సరే, జ్ఞాపకాన్ని పక్కన పెట్టండి. కాగితం మీద కొలిచి గీసిన దానినే చూద్దాం. 1569లో మెర్కేటర్ ఒక ప్రపంచపటం గీశాడు. అందులో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు. మరి ఆ పటం అబద్ధమా? ఓడ నడిపేవాడిని అడగండి. దిక్సూచి మీద ఒకే దిశ పట్టుకుని సాగే దారి ఆ పటంలో సరళరేఖగా పడుతుంది. నావికుడికి కావలసిన నిజం అదే. వైశాల్యాలు సరిచేసిన పటం తీసుకుంటే ఆకారాలు సాగిపోతాయి. గోళాన్ని ఏ వంకరా రాకుండా బల్లపరుపుగా పరచడం అసాధ్యమని 1827లో గౌస్ గణితంతో నిరూపించాడు. అంటే అన్ని విధాలా నిజమైన పటం ఒక్కటీ ఉండదు. ఏదో ఒక అవసరం వైపు నిలబడి గీసినవే ఉంటాయి.

డాక్టరు: మంచి ఉదాహరణ. కానీ అది నా వాదానికే పనికొస్తుంది. ఆఫ్రికా 14 రెట్లని ఏ పటాన్ని చూసి చెప్పారు? పటాలన్నిటికీ అవతల భూమి అనేది ఒకటి ఉంది, దానికి కొలతలున్నాయి. పటం ఎక్కడ ఎంత వంకర పోయిందో లెక్క కట్టగలుగుతున్నాం కాబట్టే ఓడలు రేవుకు చేరుతున్నాయి. మెర్కేటర్ తన పటం ఓడ నడిపేవారి కోసమని చెప్పాడు. ఆ సంగతి చెప్పకుండా అదే పటాన్ని బడి గోడకు తగిలించి, దేశాల పరిమాణాలు ఇవీ అని పిల్లలకు నేర్పితే అప్పుడు అది తప్పుదారి పట్టించడం అవుతుంది. గీత మారలేదు, చెప్పవలసిన షరతు దాచారు.

లాయరు: షరతు అన్నారు కాబట్టి జైనుల అనేకాంతవాదం గుర్తు చేస్తాను. ఏ వస్తువుకైనా అనేక ముఖాలుంటాయి, ఒక ముఖాన్ని చూసి ఇదే సర్వమూ అనకూడదు అన్నారు వారు. 'ఒక దృష్టిలో ఉంది, ఒక దృష్టిలో లేదు' అంటూ ఏడు విధాలుగా చెప్పే పద్ధతిని కట్టుదిట్టం చేశారు. ఇంత పాత దర్శనం మీ ఒక్కటే నిజాన్ని ఒప్పుకోలేదు.

డాక్టరు: వారు ఎంత గట్టివారో చూడండి. కుండ తన ద్రవ్యంలో, తన చోట, తన కాలంలో ఉంది. వేరే ద్రవ్యంగా, వేరే చోట, వేరే కాలంలో లేదు. అలా చోటు, కాలం తేల్చి చెప్పాక ఆ మాట ఎవరికైనా నిజమే. 'నాకు కుండ ఉంది, మీకు లేదు, ఇద్దరమూ ఒప్పే' అని వారు అనలేదు. ఈ రోజుల్లో అనేకాంతం పేరు చెప్పి నడుస్తున్నది మాత్రం అదే. నా కోపమంతా దాని మీదే, లాయరు గారూ. ఎందుకో చెప్పనివ్వండి.

(ఇక్కడ డాక్టరును ఆపకుండా మాట్లాడనిచ్చాను. ఈ వాదాన్ని రాయాలనిపించిందే ఈ భాగం కోసం.)

డాక్టరు: 1950లో ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్, అమెరికాలో వైండర్, గ్రాహమ్ వేర్వేరుగా ఒకే సంగతి బయటపెట్టారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ పొగతాగడానికీ సంబంధం ఉందని. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటిగా రుజువులు పేరుకున్నాయి. సిగరెట్ కంపెనీలు ఏం చేశాయి? సిగరెట్ ఆరోగ్యానికి మంచిదని వాదించి గెలవలేమని వాటికి తెలుసు. 1954 జనవరిలో అమెరికా అంతటా 400కు పైగా పత్రికల్లో ఒక ప్రకటన వేయించాయి. శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు, ఇంకా పరిశోధన జరగాలి, మేమే డబ్బిచ్చి చేయిస్తాం అని. 1969 నాటి ఒక కంపెనీ అంతర్గత పత్రం తర్వాత బయటపడింది. 'సందేహమే మన సరుకు' అని అందులో రాసుకున్నారు. గమనించండి, వారికి అబద్ధాన్ని నమ్మించవలసిన పని లేదు. ఈ విషయంలో రెండు వైపులున్నాయి, ఎవరి అభిప్రాయం వారిది అని జనం అనుకుంటే చాలు. మీరు ఇంత ఉదారంగా చెబుతున్న మాటనే వారు డబ్బాలో పెట్టి అమ్ముకున్నారు. ఆ సందేహం కొనుక్కున్నవారి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి, ఏ కోణం నుంచి చూసినా ఆ మచ్చ అక్కడే ఉంటుంది.

లాయరు: దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. కానీ మీ వైద్యుల చరిత్రలోంచే ఒక పేజీ తెరుస్తాను. 1847, వియన్నా ప్రసూతి ఆసుపత్రి. డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసే విభాగంలో బాలింతలు జ్వరంతో చనిపోతున్నారు. మంత్రసానులు పురుడు పోసే పక్క విభాగంలో ఆ చావులు చాలా తక్కువ. శవపరీక్ష చేసిన చేతులతోనే పురుడు పోయడం దీనికి కారణమని అక్కడి డాక్టరు సెమ్మెల్‌వైస్ పట్టుకున్నాడు. క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18కి పైగా ఉన్న చావులు జూన్‌కల్లా నూటికి రెండుకు కాస్త ఎక్కువ స్థాయికి దిగాయి. అయినా పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. పెద్దమనుషుల చేతులు మురికివా అని చిన్నబుచ్చుకున్నారు. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. ఆయన్ని తోసిపుచ్చినవారు కూడా మీలాగే నిజం ఒక్కటేనన్నవారు, అది తమ దగ్గరే ఉందనుకున్నవారు. వేరే చూపుకు చోటిచ్చి ఉంటే ఎందరు తల్లులు బతికేవారు?

డాక్టరు: ఆ తల్లుల చావుకు మా వృత్తి బాధ్యత వహించాలి, దానికి సాకులు చెప్పను. కానీ సెమ్మెల్‌వైస్ 'ఇది నా దృక్కోణం, దీనికీ చోటివ్వండి' అని అడగలేదు. లెక్కలు ముందు పెట్టి, మీరు తప్పు, చేతులు కడగండి అన్నాడు. పెద్దలే 'అది ఆయన అభిప్రాయం, మాది మాకుంది' అని తప్పించుకున్నారు. చేతులు కడిగితే చావులు తగ్గడం వారి అభిప్రాయం కోసం ఆగలేదు.

లాయరు: ఆయన చెప్పిన కారణంలో కూడా సగమే నిజం ఉంది. శవాలలోంచి వచ్చే కణాలన్నాడు కానీ సూక్ష్మజీవుల సంగతి ఆయనకు తెలియదు. రేపు ఇంకెవరో వచ్చి ఇవాళ్టి మీ మాటను సగం చేస్తారు. ఆ వినయం ఉంటే చాలు, మిగతాది మీకే వదిలేస్తాను.

డాక్టరు: ఆ వినయానికి చేతులెత్తి నమస్కరిస్తాను. నేను పొరబడవచ్చు అనేవాడు ముందుగా పొరపాటు అనేది ఒకటుందని ఒప్పుకున్నట్టే.

లాయరు: ఇక అబద్ధం దగ్గరికి వద్దాం. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి జాబితా ఇస్తాడు. పెళ్లి మాటల్లో, ప్రాణమో ధనమో మానమో పోయే వేళ, భయపడినవారిని కాపాడవలసి వచ్చినప్పుడు బొంకవచ్చు, పాపం లేదని.

డాక్టరు: ఆ సలహా విన్న బలి ఏం చేశాడు? వచ్చినవాడు విష్ణువని తెలిసి కూడా ఇచ్చిన మాట మీద నిలబడి దానం చేశాడు.

లాయరు: బలి తన రాజ్యం పోగొట్టుకున్నాడు, ఎదుటివాడి ప్రాణం కాదు. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. నిజమే చెబుతానని వ్రతం పట్టిన తాపసి ఆయన. దొంగలు తరుముకొస్తుంటే జనం అడవిలో దాక్కున్నారు. ఎటు పోయారని దొంగలు అడిగితే కౌశికుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వారందరినీ చంపేశారు, కౌశికుడు నరకానికి పోయాడు. 1797లో కాంట్ అనే జర్మన్ తత్వవేత్త దీనికి సరిగ్గా ఎదురు చెప్పాడు. చంపడానికి వచ్చినవాడికైనా అబద్ధం చెప్పే హక్కు లేదని. మీరు ఎవరి పక్షం?

డాక్టరు: కృష్ణుడి పక్షం, తడుముకోకుండా చెబుతున్నాను. కానీ కౌశికుడు అబద్ధం చెప్పి ఉంటే మాత్రం జనం దాక్కున్న చోటు మారేదా? 'వారికి' అక్కడ, 'దొంగలకు' వేరే చోట ఉన్నారని అనగలరా? అబద్ధం పనిచేసేదే నిజం ఒకటి ఉండబట్టి. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అనేది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఏది నిజం అనేది వేరే ప్రశ్న.

లాయరు: అలాగైతే ధర్మరాజు సంగతి చెప్పండి. అశ్వత్థామ అనే ఏనుగు చచ్చింది. 'అశ్వత్థామ చనిపోయాడు' అని గట్టిగా, 'ఏనుగు' అని వినపడకుండా అన్నాడు. ఒక్కొక్క మాటా తీసి చూస్తే నిజమే. మీ కొలబద్దతో కొలిస్తే ఆయన నిర్దోషి కదా?

డాక్టరు: భారతకారుడు నిర్దోషి అనలేదు. నేలకు నాలుగు అంగుళాల పైన నడిచే ఆయన రథం ఆ క్షణంలో కిందికి దిగిందన్నాడు. మాటల్లో తప్పు లేదు, ద్రోణుడి మనసులో నాటాలనుకున్నదే తప్పు. నా దగ్గరికి వచ్చే రోగుల ఇళ్లలో ఇలాంటి నిజాలు చాలా వింటాను. 'డాక్టరు గారు మందులు రాశారు, విశ్రాంతి తీసుకోమన్నారు' అంటారు. ప్రతి ముక్కా నిజమే. చెప్పకుండా వదిలేసింది ఒకటే, ఆ మందులు నొప్పి తగ్గించడానికే తప్ప జబ్బు తగ్గించడానికి కాదని.

లాయరు: ఆ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మీరు రోగికి అంతా చెబుతారా? 1961లో అమెరికాలో వైద్యులను అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది దాకా క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మళ్లీ అడిగితే 97 శాతం మంది చెప్పడమే మేలన్నారు. పద్దెనిమిదేళ్లలో నిజం మారిందా, దయ మారిందా?

డాక్టరు: చికిత్సలు మెరుగయ్యాయి, రోగి హక్కుల గురించి ఆలోచన మారింది. దాచడాన్ని దయ అనుకునేవాళ్లం. నా అనుభవంలో దాని వెల రోగే కడతాడు. గది బయట కొడుకు నా చెయ్యి పట్టుకుని 'నాన్నకు చెప్పకండి' అంటాడు. లోపలికి వెళితే ఆ తండ్రి ముఖం గోడ వైపు తిప్పి ఉంటుంది. ఆయనకు అప్పటికే సగం తెలుసు. తనకు తెలుసని ఎవరికీ తెలియనివ్వకుండా ఒంటరిగా మోస్తుంటాడు. రాయవలసిన కాగితాలుంటాయి, చూడవలసిన మనుషులుంటారు. ఆ రోజులు మనం తీసేసుకుంటున్నాం. అందుకని నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, 'మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు?' అని ముందు ఆయన్నే అడుగుతాను. వద్దంటే ఆగుతాను.

లాయరు: చూశారా, చివరికి రోగి చూపుకే వదిలారు!

డాక్టరు: ఎంత చెప్పాలన్నది వదిలాను. ఏది చెప్పాలన్నది వదలలేదు. ఆయన ఆపమన్న చోట ఆగుతాను కానీ, లేని ఆశ కల్పించను.

లాయరు: మీ గదిలో స్కాన్ ఉంటుంది డాక్టరు గారూ. నా సాక్షి చూసిన చీకటి మళ్లీ రాదు, వీధి దీపం ఆ రాత్రి వెలిగిందో లేదో చెప్పేవారుండరు. నిజం ఒక్కటే ఉండవచ్చు, ఒప్పుకుంటాను. కానీ అది నాకు అందదు. అందనప్పుడు కోర్టు సంశయ లాభాన్ని ముద్దాయికి ఇస్తుంది.

డాక్టరు: సిగరెట్ కంపెనీలు అడిగిందీ అదే లాభం.

లాయరు: వాటికి ఇవ్వకూడదు. మనిషిని జైలుకు పంపేటప్పుడు పొరబడితే పోయేది ఒక నిర్దోషి జీవితం, అందుకే అక్కడ సహేతుకమైన సందేహం మిగలకూడదు. డబ్బు తగాదాలో ఏది ఎక్కువ సంభవమో చూస్తే చాలు. జనం ప్రాణాలు తీస్తుందేమోననే సరుకు విషయంలో ఇంకా తక్కువ రుజువుకే చర్య తీసుకోవచ్చు. పొరపాటు భారం ఎవరి మీద పడుతుందో చూసి రుజువు స్థాయి నిర్ణయించాలి.

డాక్టరు: అలాగే. కాకపోతే ఎక్కడ ఎంత రుజువు కావాలో విచారణకు ముందే రాసిపెట్టండి, తీర్పు ఎటు మొగ్గుతుందో తెలిశాక కాదు.

లాయరు: నేరానికీ, డబ్బు తగాదాకూ ముందే రాసి ఉన్నాయి. మూడోదాని విషయంలోనే మీరు, నేను కూర్చుని రాయవలసింది ఇంకా ఉంది.