జబ్బుపడినా కూలీ కోతే

పంతొమ్మిదో శతాబ్దంలో ఒప్పందం మీద మారిషస్ చెరకు తోటలకి వెళ్లిన మన కూలీల గురించి ఒక వ్యాసం చదివాను. అందులో ‘డబుల్ కట్’ అనే కూలీ కోతని ఒక్క వాక్యంలో సరిపెట్టేశారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోసేవారండీ! జ్వరంతో గుడిసెలో మూలుగుతున్నా రాలేదనే రాసుకున్న తోటలున్నాయి. ఒప్పందం ముగిసినవాళ్లకైతే 1867 చట్టంతో ఫొటో అంటించిన పాసు తప్పనిసరి. అది లేకుండా దొరికితే దేశదిమ్మరి అని గ్రాండ్ రివర్ డిపోలో నిర్బంధించేవారు. ఒంట్లో సత్తువ లేక పని దొరకనివాడు ఎక్కడికి పోవాలి? మన కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లూ వీళ్లలో ఉన్నారు. అక్కడ తెలుగువాళ్లని ‘కోరంగీలు’ అనేవారు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో, ఈ కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్లినప్పుడు ఆ 16 నల్లరాతి మెట్లు ఎక్కాను. లోపల అప్పటి ఆసుపత్రి గదులు ఇంకా ఉన్నాయి. గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను.