తెల్లారకముందే పరిగెత్తేవాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

అనంతపురంలోనో, కర్నూలులోనో, కడపలోనో తెల్లవారుజామున ఐదు గంటలకు ఏదైనా గ్రౌండ్ దగ్గరికి పోయి చూడండి. ఇంకా చీకటిగానే ఉంటుంది. చున్నీ నడుముకు బిగించి కట్టుకున్న ఆడపిల్లలు, చెప్పులు ఒక పక్కన వదిలి ఉత్త కాళ్లతో దిగిన కుర్రాళ్లు రౌండ్లు కొడుతుంటారు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలకు పెట్టిన ఈ కొలతలు మన ఊళ్లలో పదో తరగతి పిల్లాడికి కూడా నోటికొచ్చు. పరుగు, దూకడం, టైమింగ్... ఇది అథ్లెటిక్స్ కాకపోతే ఇంకేమిటి? కానీ ఆ గ్రౌండ్‌లో ఎవరినైనా ఆపి జిల్లా అథ్లెటిక్స్ పోటీలు ఎప్పుడని అడిగితే, అట్లాంటివి ఉన్నాయని తెలిసినవాళ్లు చాలా తక్కువ.

భారత అథ్లెటిక్స్ సమాఖ్య గురించి మాట్లాడాలంటే ఇక్కడ నుంచే మొదలుపెట్టాలని మాకు అనిపిస్తుంది. 1946లో పుట్టిన సంస్థ అది. పన్నెండేళ్లు అధ్యక్షుడిగా ఉన్న అదిల్ సుమరివాలా 2025 జనవరిలో దిగిపోయారు, 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో షాట్‌పుట్ స్వర్ణం గెలిచిన బహదూర్ సింగ్ సాగూ ఏకగ్రీవంగా ఆ కుర్చీలోకి వచ్చారు. ఇద్దరూ ఒలింపిక్స్‌లో పోటీపడినవాళ్లే. ఆట తెలియని రాజకీయ నాయకుడు వచ్చి కూర్చున్నాడని వేరే సంఘాల మీద వినిపించే ఫిర్యాదు వీళ్ల మీద చెల్లదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా పై కుర్చీలో ఎవరున్నారన్నది ఒక ఎత్తు, కింద జిల్లాలో ఆట ఉందా లేదా అన్నది ఇంకో ఎత్తు. సమాఖ్య తనను తాను జట్లను ఎంపిక చేసే ఆఫీసుగానే చూసుకుంటోంది, ఆటను జనంలోకి తీసుకెళ్లే పని మాత్రం ఎవరిదో తెలియకుండా పడి ఉంది.

జనం రారు అనే మాట మేము నమ్మం. 2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు ఊరు ఊరంతా ఎలా కదిలిందో చూశాం. అది క్రికెట్ కదా అంటారా, సరే. 2025 జులై 5న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో నీరజ్ చోప్రా పేరుతో జావెలిన్ పోటీ పెడితే జనం వచ్చి కూర్చుని ఒక్కో విసురుకీ చప్పట్లు కొట్టారు. అనంతపురం నుంచి నాలుగు గంటల ప్రయాణం. మన పిల్లలను ఒక బస్సులో ఎక్కించి తీసుకుపోయి చూపించాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందా? ఇంకో సంగతి, ఆ పోటీ మొదట హర్యానాలోని పంచకులలో అనుకున్నారు, అక్కడ లైట్లు సరిపోవని బెంగళూరుకు మార్చారు. ఒలింపిక్ స్వర్ణం, రజతం రెండూ తెచ్చినవాడి సొంత రాష్ట్రంలో రాత్రిపూట టీవీలో చూపించగలిగిన స్టేడియం లేకపోయింది. టోక్యోలో నీరజ్ గెలిచిన ఆగస్టు 7ను జాతీయ జావెలిన్ దినం అని సమాఖ్యే ప్రకటించింది. మంచిదే. ఆ రోజు ఈ మూడు జిల్లాల్లో ఎన్ని హైస్కూళ్లలో పిల్లల చేతికి ఒక్క జావెలిన్ అయినా అందుతోంది?

జ్యోతి యర్రాజి సంగతి తెలుగువాళ్లు మరిచిపోకూడదు. విశాఖపట్నం అమ్మాయి. 2020లో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పూర్తిచేసింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38, అది 2002 నాటిది. పద్దెనిమిదేళ్ల రికార్డు పగిలిందని ఆ పిల్ల సంతోషపడి ఉంటుంది. కానీ దాన్ని రికార్డుగా రాయలేదు. అక్కడ నిషేధిత మందులు వాడారా అని చూసే డోప్ పరీక్ష జరగలేదు, సమాఖ్య తరఫు సాంకేతిక అధికారి లేడు, అదీ కారణం. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో మళ్లీ 13.09, ఈసారి వెనక గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు ఉంది, రికార్డుగా రాయాలంటే 2.0 దాటకూడదు. గాలి ఎవరి చేతిలోనూ లేదు, ఆ నియమం అందరికీ ఒకటే. మొదటిది అట్లా కాదు. ఒక అధికారిని పంపించి ఉంటే, ఒక శాంపిల్ తీసి ఉంటే అయిపోయేది. చివరికి ఆ ఏడాది మే నెలలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తితే గానీ ఆమె పేరు రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. తర్వాత ఆమె 12.78 దాకా వెళ్లింది, ఆసియా స్వర్ణాలు తెచ్చింది, పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. గట్టి పిల్ల కాబట్టి నిలబడింది. అదే దెబ్బ తగిలి ఇంటికి వెళ్లిపోయిన పిల్లలు ఎంతమందో అని తలచుకుంటే బాధగా ఉంటుంది.

డోపింగ్ మాట ఎత్తకుండా ప్రచారం గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. 2024లో మన దేశంలో అన్ని ఆటల్లో కలిపి 7,113 శాంపిళ్లు పరీక్షిస్తే 260 పట్టుబడ్డాయని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్క చెప్పింది, ఆటల వారీగా చూస్తే అందరికంటే ఎక్కువ అథ్లెటిక్స్‌వే. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర పోటీలకు డోపింగ్ అధికారులు వచ్చారని తెలియగానే పరుగువీరులు మాయమైపోయి, 100 మీటర్ల ఫైనల్ ఒకే ఒక్కడు పరిగెత్తాడు. స్టేడియం బాత్రూముల్లో సిరంజిలు దొరికాయి. ఈ వార్త చదివిన తల్లి తన బిడ్డను గ్రౌండుకు ఎట్లా పంపుతుంది? చెడ్డ కోచ్ పేరు బయట పెట్టి, పిల్లాడితో పాటు అతనికీ శిక్ష పడేలా చూడటం కూడా ప్రచారంలో భాగమే అని మేము గట్టిగా అంటాం, ఎందుకంటే నమ్మకం లేనిచోట ఎన్ని పోస్టర్లు అంటించినా చూసేవాళ్లు ఉండరు.

ఇది మన ఒక్కరి కష్టమే కాదు. పతకాల్లో అందరికంటే ముందుండే అమెరికాలో కూడా ఒలింపిక్స్ లేని సంవత్సరం ట్రాక్ పోటీలకు జనాన్ని రప్పించడం కష్టంగానే ఉంది. ఒలింపిక్ పరుగు చాంపియన్ మైఖేల్ జాన్సన్ అంతటివాడు 2025లో గ్రాండ్‌శ్లామ్ ట్రాక్ అని సొంత లీగ్ పెడితే లాస్ ఏంజెలిస్ పోటీ రద్దయింది, ఆటగాళ్లకు బాకీ మిగిలింది, ఏడాది తిరగకముందే దివాలా దాకా పోయింది. పెద్ద పేరు, పెద్ద ప్రైజ్‌మనీ ఉంటే చాలదని దాన్ని చూసి తెలుసుకోవచ్చు. ఊరి పిల్ల పరిగెత్తుతుంటే ఊరు వచ్చి చూడటం అలవాటు కావాలి, అది కింద నుంచి కట్టుకుంటూ రావాల్సిందే.

కింద నుంచి కట్టే ఏర్పాటు సమాఖ్య చేతిలో ఉంది కూడా. జాతీయ అంతర్ జిల్లా జూనియర్ పోటీలు, అందరూ నిడ్జామ్ అంటారు, దేశంలోని జిల్లాలన్నీ పాల్గొనేలా పెట్టిన పోటీ. 2019లో పక్కనే తిరుపతిలో జరిగింది, వేల మంది పిల్లలు దిగారు. అంత మంచి ఆలోచన జిల్లా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చిన్నబోతోంది? మా అనుభవం చెబుతాం. ఎంపిక పోటీల కబురు మా పేపరు డెస్కుకు చాలాసార్లు ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో వస్తుంది. మేము మర్నాడు మూడు లైన్లు వేస్తాం. ఆ పేపరు ఆదోనికో, మడకశిరకో, పులివెందులకో చేరి, ఓ పీఈటీ సారు చదివి, పుట్టినతేదీ సర్టిఫికెట్లు వెతికి, పిల్లలను బస్సెక్కించేలోపల సున్నం గీతల మీద ఫైనల్స్ అయిపోతాయి. దీంట్లో తప్పు పంపినవాళ్లదే కాదు, రెండు రోజుల ముందు ఫోన్ చేసి అడగని మాదీ ఉంది. ఐపీఎల్ వేలానికి పేజీ ఇచ్చి జిల్లా పరుగుకు మూడు లైన్లు ఇచ్చినవాళ్లం మేమే.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. సమాఖ్యల కార్యవర్గంలో ఆడినవాళ్లు, మహిళలు ఉండి తీరాలని అందులో ఉంది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. అంటే ఇప్పుడు 14, 15 ఏళ్లున్న పిల్లలు అప్పటికి సరిగ్గా పోటీపడే వయసుకు వస్తారు. కొత్త అధ్యక్షుడి ముందున్న పని ఆ పిల్లలను చేరుకోవడం. రాష్ట్ర సంఘాలు, జిల్లా సంఘాలు ఏడాది క్యాలెండర్ ముందే తెలుగులో బయటపెట్టాలని, ఎవరు ఎంత పరిగెత్తారో ఫలితాలు అందరికీ కనిపించేలా ఉంచాలని సమాఖ్య షరతు పెట్టొచ్చు. కానిస్టేబుల్ ప్రాక్టీసు చేసే గ్రౌండ్లలోనే నెలకో ఆదివారం టైమ్ ట్రయల్ పెట్టొచ్చు. దానికి స్టాప్‌వాచీ, సున్నం, ఇద్దరు పీఈటీలు చాలు. 1600 మీటర్లు అవలీలగా కొట్టేసే అమ్మాయి ఉద్యోగం కోసమే పరిగెడుతోందా, పెద్ద పోటీలకు పనికొస్తుందా అనేది అప్పుడే తెలుస్తుంది.

మా వంతు మేము చేస్తాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల అథ్లెటిక్స్ సంఘాలు నెల ముందు తేదీ, చోటు, వయసు వివరాలు, తేవాల్సిన కాగితాలు పంపిస్తే, రూపాయి తీసుకోకుండా వరుసగా నాలుగు ఆదివారాలు మొదటి పేజీలో వేస్తాం. పోటీ రోజు మా విలేకరి గ్రౌండ్‌లో ఉంటాడు, గెలిచినవాళ్ల పేర్లే కాదు, అందరి టైమింగులూ రాసుకొస్తాడు.