ఇచ్చేది గోరంత, అడిగేది కొండంత

సాయంత్రాలు పిల్లలకు ఊరికే చదువు చెప్పే చిన్న సంఘం మాది. నాలుగు బెంచీలు, ఒక బోర్డు కోసం గ్రాంటుకు అప్లై చేస్తే, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు కావాలట! సంఘం పెట్టిందే నిన్నగాక మొన్న. ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? పోనీ, ఆడిటర్ ఫీజు గ్రాంటులో చూపించుకోవచ్చా? కుదరదు. అద్దె కుదరదు, కరెంటు బిల్లూ కుదరదు. అన్నట్టు, పని 'వినూత్నంగా' ఉండాలట. ఎక్కాలు చెప్పించడంలో వినూత్నం ఏముంటుంది స్వామీ? గ్రాంటు అయిపోయాక సంఘాన్ని ఎలా నడుపుతారో ఇంత చిన్న గడిలో రాయాలి. ఖాళీలు కూడా అక్షరాల లెక్కలోకే! కిందా మీదా పడి కుదించి సబ్మిట్ నొక్కితే, 'సెషన్ ముగిసింది' అంది. రాసిందంతా గోవిందా. ఇంతా చేసి, ముందు మనమే ఖర్చుపెట్టి బిల్లులు పంపితే తర్వాత ఇస్తారట. చేతిలో డబ్బులుంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతామండీ?